రెండో మీటరు

మా ఇంటి కరెంటు బిల్లు కన్నడంలో వస్తుంది. నేను బడిలో చదివిందీ కన్నడమే, అదీ ఏడో తరగతి దాకా. తెలుగు చదవడం, రాయడం పెళ్లయ్యాక, దుకాణంలో పొట్లాల కోసం తెచ్చే పాత పత్రికలు చూసి నేర్చుకున్నాను. లెక్కలు మాత్రం ఎవరూ నేర్పలేదు. మా పుట్టిన ఊరు జనవాడలో మా నాన్న కందులు తూచే చోట పక్కన కూర్చుని, ఆయన రైతుకు మొత్తం చెప్పేలోపే నేను మనసులో చెప్పుకునేదాన్ని. రెండూ కలిసేవి. కలిసినందుకు సంతోషం అనిపించేది కాదు. నిమ్మళంగా ఉండేది, అంతే.

బీదర్ గంజ్‌లో మా అత్తగారి వాళ్లది పప్పులు, బెల్లం టోకున అమ్మే దుకాణం. మా ఆయన, మా మరిది కలిసి నడుపుతారు. ఆడవాళ్లు దుకాణంలో కూర్చునే పద్ధతి మా ఇళ్లలో లేదు. నాకు ఇంటి బిల్లులు మిగిలాయి. వాటినీ ఎవరూ పిలిచి అప్పగించలేదు. ఒక నెల అన్న కట్టాడని తమ్ముడు, తమ్ముడు కట్టాడని అన్న అనుకున్నారు. కరెంటువాళ్లు లైను తీసేశారు. మరుసటి నెల నుంచి నేను చూసుకుంటున్నాను.

నా పద్ధతి పెద్దదేమీ కాదు. కరెంటు, నల్లా నీళ్లు, గ్యాసు, ఇంటర్నెట్టు, కేబులు, ఎండాకాలంలో నీళ్ల ట్యాంకరు. పోయిన ఏడాది వీటన్నిటికీ ఎంతయిందో కూడి, పన్నెండుతో భాగించి, పదో వంతు కలిపి, ప్రతి నెలా దుకాణం నుంచి అంతే అడుగుతాను. చలికాలంలో మిగిలింది స్టీలు డబ్బాలో ఉంటుంది, ఎండాకాలంలో ఖర్చవుతుంది. మొదటి ఏడాది మా ఆయనకు ఇది అర్థం కాలేదు. కార్తీకంలో ఇంత ఎందుకని అడిగారు. వైశాఖానికి అని చెప్పాను. ఆ తర్వాత అడగలేదు.

ఇంట్లో ఎనిమిది మందిమి. కింద నేను, మా ఆయన, మా అమ్మాయి, మా అత్త. మీద మరిది, తోటికోడలు, వాళ్ల ఇద్దరు పిల్లలు. పడుకోవడం రెండు చోట్ల, వంట ఒక్క చోట, కింద. మా అత్తకు అదొక్కటే పట్టింపు. ఆమె పుట్టిల్లు చిట్గుప్ప. చిన్నప్పుడు వాళ్ల నానమ్మ నలుగురు కొడుకుల ఇళ్లలో వంతుల మీద తినేదట. నెల మారే ముందు రోజు మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకుని, రేపటి నుంచి నేను ఎవరింట్లో అని అడిగేదట. ఏ ఇంట్లోనూ ఆమెను ఎవరూ ఒక్క మాట అనలేదని మా అత్తే చెబుతుంది. అయినా ఆ ముసలామె ముందే అడిగి తెలుసుకునేదని కూడా చెబుతుంది. మామగారు చనిపోయిన ఏడాది మా అత్త కొడుకులిద్దరినీ కూర్చోబెట్టి ఒక్క మాట అడిగింది.

“మీరు ఆస్తులు ఎట్లనన్న పంచుకోర్రి. నన్ను వంతులకు మాత్రం ఎయ్యకుండ్రి. ఒక్క పొయ్యి మీది బువ్వ తిని పోత.”

ఇద్దరూ సరేనన్నారు. ఆస్తులు పంచుకోలేదు కూడా.

ఇలా ఉండగా ఇళ్లకు ఉచిత కరెంటు వచ్చింది. నియమం చదవగానే నాకు అర్థమైంది. అంతకు ముందు ఏడాది నెలకు సగటున ఎన్ని యూనిట్లు వాడామో, దాని మీద పదో వంతు కలిపి, అంతవరకు ఉచితం. మాది నూట డెబ్బై ఎనిమిది. పదో వంతు కలిపితే నూట తొంభై అయిదు దాటుతుంది. రెండు వందలు మించితే మాత్రం ఉచితం మొత్తం పోతుంది. ఒక్క యూనిట్ ఎక్కువైనా మొత్తం బిల్లు కట్టాలి. మొదటి చలికాలం జీరో బిల్లులు వచ్చాయి. మీటరు చూసే మనిషి చేతి మిషన్ నుంచి చీటీ చింపి ఇస్తుంటే, దాని మీద సున్నా చూసి మా తోటికోడలు నవ్వేది. ఆ తర్వాత పిల్లలు పెద్ద తరగతులకు వచ్చారు. మీద కొత్త కూలరు వచ్చింది, కింద ఫ్రిజ్ మార్చాం. నెలకు రెండు వందల ఇరవై, రెండు వందల ముప్పై. పద్దెనిమిది వందల పైన బిల్లు. నేను గీజరు తగ్గించాను, ఇస్త్రీ వారానికి ఒకసారి చేశాను. రెండు వందల పదకొండుకు వచ్చి ఆగింది. రెండు వందల పదకొండుకూ మొత్తం బిల్లే.

రెండో మీటరు మాట తెచ్చింది మా మరిది. గంజ్‌లో సగం మంది ఇళ్లకు అలాగే పెట్టించుకున్నారని చెప్పాడు. మీద అంతస్తుకు వేరే మీటరు. కింద వంద చిల్లర, మీద వంద చిల్లర. ఏ ఒక్కటీ రెండు వందలు దాటదు. రెండూ సున్నా. నన్ను లెక్క చూడమన్నాడు. చూశాను. లెక్క సరిగ్గా ఉంది. డిపాజిటు, వైరింగు ఖర్చు తొమ్మిది నెలల్లో తిరిగి వస్తుందని చెప్పాను. మా ఆయన సరేనన్నారు. మా అత్త పక్కనే కూర్చుని కందిపప్పు చెరుగుతోంది. మీటర్ల సంగతి ఆమె పట్టించుకోదు.

కాగితాలకు కొంత కాలం పట్టింది. అన్నదమ్ములు వేరే కాపురాలని స్టాంపు కాగితం మీద రాయాలి. రేషన్ కార్డు నుంచి మీదివాళ్ల నాలుగు పేర్లు తీసి వాళ్లకు వేరే కార్డు చేయించాలి. మా అత్త పేరు పాత కార్డులో ఉండిపోయింది. ఎక్కడ పెట్టాలని ఎవరూ మాట్లాడుకోలేదు. పాత కార్డులో ఉంది కాబట్టి ఉంది. ఇంకొక సంగతి మరిది కరెంటు ఆఫీసు నుంచి తెలుసుకుని వచ్చాడు. చూడ్డానికి మనిషి వస్తాడు, మీద వేరే వంటిల్లు ఉంటేనే సంతకం పెడతాడు.

అందుకని మీద వెనక గదిలో వంటగట్టుగా షహాబాద్ బండ ఒకటి వేయించి, దుకాణంలో చాయ కోసం ఉంచుకున్న రెండు బర్నర్ల పొయ్యి, చిన్న సిలిండరు తెచ్చి పెట్టారు. పొయ్యి ఒక్కటే ఉంటే నాటకంలా ఉందని తోటికోడలు కింది నుంచి నాలుగు గిన్నెలు, ఒక పోపు డబ్బా, చాయపత్తి, చక్కెర పట్టుకెళ్లింది. చూసిపోయాక అన్నీ కిందికి తేవాలని అనుకున్నాం.

వచ్చిన మనిషి మంచివాడే. కన్నడంలో మాట్లాడాడు. మెట్లు వేరుగా ఉన్నాయా, తలుపు వేరుగా ఉందా చూశాడు. వంటింట్లోకి తొంగిచూసి, ఇక్కడ నిజంగా వండుతారా అని అడిగాడు. వండుతాం, మీకు చాయ పెడతానని మా తోటికోడలు పాలు పొయ్యి మీద పెట్టింది. అప్పుడే మీటరు ఎక్కడ బిగించాలో చూపించమని ఆయన అడిగితే నేను, తోటికోడలు కూడా ఆయనతో మెట్ల కిందికి వెళ్లాం. మా అత్త మోకాళ్లు పట్టుకుని అప్పుడే మెట్లెక్కి మీదికి చేరింది. మేము తిరిగి వెళ్లేసరికి పాలు పొంగి, గిన్నె మీది నుంచి, పొయ్యి మీది నుంచి కారి, బండ అంచు దాకా వచ్చాయి. ఆ మనిషి నవ్వి, మంచి శకునం అని, చాయ తాగి, సంతకం పెట్టి వెళ్లాడు.

మా అత్త గడప దగ్గరే నిలబడి ఉంది. కొత్తగా కాపురం పెట్టినప్పుడు మేం ముందు పాలు పొంగిస్తాం. పాలు పొంగితే ఆ పొయ్యి పడినట్టు, ఆ ఇల్లు మొదలైనట్టు.

“పాలు పొంగినయి” అంది.

“చాయ కోసం వెట్టినం అత్తమ్మా. మేం పొంగిచ్చిందేం గాదు” అంది తోటికోడలు, బట్టతో బండ తుడుస్తూ.

“మీరు పొంగిచ్చినా, అవే పొంగినా పాలు పాలే. తుడువకు, ఉండనియ్యి. పొయ్యి వడ్డది.”

పసుపు, కుంకుమ తెమ్మంది. నేనే కింది నుంచి తెచ్చాను. ఆమె వంగలేక వంగి పొయ్యికి బొట్లు పెట్టింది. లేచేటప్పుడు నా చెయ్యి పట్టుకుంది. తోటికోడలితో మాత్రం మామూలుగా, పని చెప్పినట్టు చెప్పింది.

“ఇగ దీన్ని సల్లగ ఉంచద్దు. దినాం జరంతన్న ముట్టియ్యి.”

గిన్నెలు కిందికి రాలేదు.

కొత్త మీటరు పాత మీటరు పక్కనే, మెట్ల కింద బిగించారు. మొదటి నెల రెండు చీటీలు వచ్చాయి. మాది నూట నాలుగు యూనిట్లు, సున్నా. మీద అంతస్తుది నూట పన్నెండు యూనిట్లు, నాలుగు వందల చిల్లర. పొరపాటు అనుకుని ఆఫీసుకు వెళ్లాను. కిటికీ వెనక ఉన్న అబ్బాయి ఓపికగా చెప్పాడు. కొత్త మీటరుకు పాత ఏడాది వాడకం లేదు. అలాంటి వాటికి అందరికీ ఒకటే కట్టారు, అరవై యూనిట్లు కూడా లేవు. ఆ పైన వాడినదానికి కట్టాలి. మరి పాత మీటరుకు నూట తొంభై అయిదు ఉన్నాయి కదా, అందులో తొంభై మేము వాడటం లేదు, అవి మీదికి ఇవ్వచ్చా అని అడిగాను. అవి ఎవరికీ పోవని, మిగిలిపోతాయని చెప్పాడు.

నాకు అప్పటికే అర్థమైంది. ఆ నూట డెబ్బై ఎనిమిది సగటు ఎనిమిది మంది వాడింది. అందులో వాళ్ల ఫ్యాన్లు ఉన్నాయి, వాళ్ల పిల్లలు చదువుకున్న లైట్లు ఉన్నాయి. పాత మీటరు మాత్రం కింద మిగిలింది. దానితో పాటు ఆ హక్కు కూడా మాకే మిగిలింది. మొత్తం మీద ఇంటికి లాభమే. పద్దెనిమిది వందల చోట నాలుగు వందలు. ఇల్లు ఒక్కటైతే ఆ లెక్క చాలు.

ఆ బిల్లులో సగం మేము కట్టాలని డబ్బాలోంచి తీసుకుని మీదికి వెళ్లాను. తోటికోడలు చిక్కుడుకాయలు తుంచుతోంది. ఎందుకు తెచ్చానో చెప్పాను. ఆమె నవ్వింది.

“మరి మీ జీరోల సగం ఎంతక్కా? లెక్కలు నువ్వే జేస్తవు గద, నువ్వే జెప్పు.”

“జీరోల సగం గాదు. మీ బిల్లుల సగం” అన్నాను.

“మా బిల్లు మేం కట్టుకుంటం తియ్యి. ఏరే మీటరు అయినంక ఏరేనే గద.”

కోపం లేదు ఆమె మాటలో. చిక్కుడుకాయల ఈనెలు ఒక పక్క వేస్తోంది. పొయ్యి మీద కుక్కరు ఉంది. అది రెండోసారి కూసింది. అన్నం కుక్కరు. కింద నేను అప్పటికే ఎనిమిది మందికి అన్నం వండి దించి వచ్చాను. కిందికి వచ్చాను. డబ్బు తిరిగి డబ్బాలో వేశాను. ఆ పూట అన్నం మిగిలింది. సాయంత్రం తాలింపు వేశాను.

మీది పొయ్యి మీద మొదట పొద్దుటి చాయ, పొయ్యి చల్లగా ఉండకూడదని. తర్వాత పిల్లలకు బడి టిఫిను, కింద అందరికీ అయ్యేసరికి ఆలస్యమవుతుందని. తర్వాత మధ్యాహ్నం అన్నం. ఎప్పుడు పూర్తిగా మారిందో నేను చెప్పలేను, ఒక రోజంటూ లేదు. బియ్యం కొలత తగ్గించాను. గ్యాసు సిలిండరు ఎక్కువ రోజులు వస్తోంది కాబట్టి నెలకు అడిగే మొత్తం కూడా తగ్గించాను. దుకాణం నుంచి మా ఇద్దరు కోడళ్లకూ వేరే వేరేగా ఇవ్వడం మొదలైంది. మా ఆయన నాకు ఇచ్చేటప్పుడు రెండుసార్లు లెక్కపెట్టేవారు. అంతకు ముందు అలా చేసేవారు కాదు.

మా అత్త కిందే తింటోంది. ఆమెకు గోడ పక్కన ఒక చోటు ఉంది, అక్కడే. ఒక ఆదివారం మరిది వచ్చి ఆమె ఎదురుగా కూర్చున్నాడు. కాసేపు బెల్లం ధర మాట్లాడాడు. తర్వాత నవ్వుతూనే అన్నాడు.

“అమ్మా, బొట్లు వెట్టి మా పొయ్యి నువ్వే ముట్టిచ్చినవ్. మా బువ్వ నీకు బువ్వ గాదా?”

ఆమె ముద్ద కలుపుతూ ఉంది. మరిది లేచి వెళ్లిపోయాడు. అతను తప్పేమీ అనలేదు. కొడుకు ఇంట్లో తల్లి తినకపోతే చూసేవాళ్లు కోడలినే అంటారు. అనడం మొదలైందని కూడా విన్నాను.

నేను ఇంకో లెక్క వేశాను. రెండో మీటరు తీసేయించి మళ్లీ ఒక్కటే ఉంచితే నెలకు ఎంత ఎక్కువవుతుంది అని. మీద కూలరు నడిచే ఎండాకాలం నెలలు తీసేస్తే పన్నెండు వందలు. నీళ్ల గీజరు బదులు గ్యాసు మీద కాచుకుంటే, బట్టల మిషన్ తగ్గిస్తే రెండు వందల యూనిట్ల లోపుకు రావడానికి అవకాశం ఉంది, రాకపోవచ్చు కూడా. రాకపోయినా నేను ఆ పన్నెండు వందలు ఎక్కడి నుంచి తేవాలో చూసి పెట్టాను. మీదివాళ్లు వేరుగా పెట్టించుకున్న ఇంటర్నెట్టు తీసేసి రెండు అంతస్తులకూ ఒక్కటే చేస్తే కొంత, కేబులు తీసేస్తే కొంత. ఇద్దరు అన్నదమ్ములూ ఇంట్లో ఉన్న పూట, తోటికోడలిని కూడా పిలిచి చెప్పాను. మీటరు వాపసు చేద్దాం, వంట కిందికి తెద్దాం.

మరిది విన్నాడు. లెక్కలో తప్పు పట్టలేదు.

“మీటరంటే వాపసు జేస్తం వదినె. పొయ్యిని ఏం జేద్దాం?” అన్నాడు.

పొయ్యి మళ్లీ దుకాణానికి పంపుదామని అన్నాను. అంటున్నప్పుడే అందరూ మా అత్త వైపు చూశారు. ఆమె మంచం మీద కూర్చుని ఉంది.

“పాలు పొంగిన పొయ్యి. ఆర్పి దుకాన్ల వెడ్తవా?” అంది నన్ను చూసి.

మా ఆయన, పొయ్యిని ఉండనియ్యమన్నారు. తోటికోడలు కొంగు సర్దుకుని, కుక్కరు పెట్టి వచ్చానని మీదికి వెళ్లింది. మరిది కూడా లేవబోతే మా అత్త ఆపింది.

“నేను ఎవల కార్డుల ఉన్న?” అని అడిగింది.

రేషన్ కార్డు సంగతి అని వెంటనే తెలియలేదు మాకు. తెలిశాక మా ఆయన మెల్లగా చెప్పారు, మా కార్డులో అని. ఆమె తల ఊపింది.

“అయితే ఒక నెల కింద తింట, ఒక నెల మీద. మీరెవ్వరు అడుగకముందే నేనే జెప్తున్న.”

“అమ్మా, నేను గట్ల అనలే” అన్నాడు మరిది.

“నువ్వన్నవని కాదు బిడ్డా. రెండు పొయ్యిలు ముట్టినంక నేను ఒక్క దాని మీదనే తింటే ఇంకోటి నాది గాదన్నట్టయితది.” నా వైపు తిరిగింది. “మీటరాయన వచ్చిన నాడు మారుత. గప్పుడు మీ ఇద్దర్ల ఎవ్వరికి హిసాబు తప్పది.”

“నీ లెక్క నేను అడుగలే అత్తమ్మా” అన్నాను.

“తెల్సు. ఏదో ఒక దినం వెట్టుకోవాలె గద. గదే వెట్టుకుంట.”

మీటరు చూసే మనిషి ప్రతి నెలా మొదటి వారంలో వస్తాడు, ఏ రోజు అని లేదు. మా అత్త ఆ వారం మొదటి నుంచే తయారుగా ఉంది. రక్తపోటు మాత్రల డబ్బా, కళ్లద్దాలు, రెండు చీరలు ఒక సంచిలో పెట్టుకుంది. అతను వచ్చేసరికి పదకొండు దాటింది. నల్లా వచ్చిన రోజు కాబట్టి మిద్దె మీది ట్యాంకు నింపడానికి నేను అప్పుడే మోటరు వేశాను. అతను మెట్ల కింద వంగి రెండు మీటర్లూ చూసి, రెండు చీటీలు చింపి ఇచ్చాడు. కిందిది తొంభై ఏడు యూనిట్లు, సున్నా. మీదిది నూట నలభై పైన, అయిదు వందల డెబ్బై. మీదివాళ్ల చీటీ మా అత్త చేతికి ఇచ్చాను, ఎటూ ఆమె అటే వెళ్తోంది కాబట్టి. ఆమె దాన్ని మాత్రల డబ్బాతో పాటు సంచిలో పెట్టుకుని, గోడ పట్టుకుని మెట్లెక్కింది. మా అమ్మాయి సంచి తెస్తానంటే ఇచ్చింది.

నేను కింద నిలబడి ఆమె కరెంటు ఖర్చు ఎటు ఎంత మారుతుందో చూశాను. పొద్దున గీజరు, పగలు ఫ్యాను, సాయంత్రం టీవీ. నెలకు ఇరవై యూనిట్లకు తక్కువ కాదు. కింద ఉంటే వాటికి పైసా లేదు, మాకు మిగిలిపోయేవాటిలోనే పోతాయి. మీద అయితే నూట ఇరవై, నూట ముప్పై రూపాయలు. ఏడాదిలో ఆరు నెలలు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆమె మళ్లీ ఇంకో రకంగా సర్దుతుంది.

వంటింట్లోకి వెళ్లి ముగ్గురికి బియ్యం తీశాను. కడుగుతుంటే మీది నుంచి ఆమె గొంతు వినిపించింది, మిద్దె మీద ట్యాంకు వాళ్ల గదికి దగ్గర.

“ట్యాంకు నిండి నీళ్లు పారుతున్నయి. మోటరు బందు జెయ్యి.”

చెయ్యి తుడుచుకుని వెళ్లి బందు చేశాను.